పైవాళ్లు, కిందివాళ్లు

జూన్ 4
సీనియర్ అంటే లాటిన్‌లో ‘వయసులో పెద్ద’, జూనియర్ అంటే ‘చిన్న’. అంతకుమించి ఏమీ లేదు. హోదా తర్వాత వచ్చి చేరింది. ఇవాళ రెవెన్యూ ఆఫీసులో చూశాను. కుర్చీలో ముప్పై కూడా నిండని డిప్యూటీ కలెక్టరు, పక్కన ఫైలు పట్టుకుని రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సీనియర్ అసిస్టెంటు. ఆయన నోటు చదివి వినిపిస్తుంటే ఆవిడ పేజీల అంచున టిక్కులు పెడుతోంది. ఇద్దరిలోనూ హోదా పేరులో ‘సీనియర్’ ఉన్నది నిలబడ్డాయనకే.

జూన్ 9
ఖగోళశాస్త్రంలో బుధుడు, శుక్రుడు ‘ఇన్‌ఫీరియర్’ గ్రహాలు. కుజుడు, గురువు, శని ‘సుపీరియర్’. భూకక్ష్యకు లోపల తిరిగేవి ఒక జట్టు, బయట తిరిగేవి ఇంకో జట్టు. గొప్పాతక్కువల గొడవే లేదు. సూర్యచంద్రుల్ని పక్కన పెడితే ఆకాశంలో శుక్రుడంత వెలిగే గ్రహం గానీ నక్షత్రం గానీ లేదాయె!

డాక్టర్లదీ అదే వరస. శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చేది ఇన్‌ఫీరియర్ వీనా కేవా. ఒంట్లో అన్నిటికన్నా లావుపాటి సిర అదే. పైనుంచి వచ్చే సుపీరియర్ దానికన్నా సన్నం. అమెరికా, కెనడాల మధ్య లేక్ సుపీరియర్‌కి ఆ పేరు ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చింది. మిగతా సరస్సులకు ఎగువన ఉంది కాబట్టి ‘ఎగువ సరస్సు’ అన్నారు.

మొదట్లో ఇవి చోటు చెప్పే మాటలే. విలువ కట్టే పని వాటికి అప్పగించింది మనమే.

జూన్ 10
‘సుపీరియర్ దేన్’ అని రాస్తే మా ఇంగ్లీషు మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి ‘టు’ అని రాసేవారు. ఎందుకో చెప్పేవారు కాదు.

జూన్ 15
గుర్రపుశాల నుంచి బయల్దేరిన ఇద్దరి కథ. లాటిన్‌లో గుర్రపుశాల అధికారి అన్న మాట నుంచి పుట్టాడు కానిస్టేబుల్. మధ్యయుగాల ఫ్రాన్సులో ఆయన రాజుగారి సేనలకు అధిపతి. 1627లో ఆ పదవి రద్దయింది. మార్షల్ పుట్టుక అంతకన్నా తక్కువ, పాత జర్మన్ భాషల్లో గుర్రాలు చూసుకునే పనివాడు. ఆ పనివాడు ఎక్కీ ఎక్కీ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. మన సైన్యంలో ఆ హోదా దక్కింది ఇద్దరికే, 1973లో మానెక్‌షాకి, 1986లో కరియప్పకి. కానిస్టేబులేమో దిగీ దిగీ మన స్టేషన్ గుమ్మంలో సెంట్రీ డ్యూటీకి వచ్చాడు.

మాస్టరు, మినిస్టరు కూడా జంటే. మొదటిది ‘ఎక్కువ’ అన్న లాటిన్ మాట నుంచి, రెండోది ‘తక్కువ’ నుంచి. మినిస్టర్ అంటే సేవకుడని మంత్రులే వేదికల మీద చెబుతుంటారు. కాన్వాయ్ వెళ్లేదాకా ఆగిన ట్రాఫిక్‌లో ఈ వ్యుత్పత్తి ఎవరికీ గుర్తుకు రాదు.

జూన్ 22
సర్కారుకి కింది మెట్టు పేరు మార్చడం పాత అలవాటు. 1886లో వేసిన ఐచిసన్ కమిషన్ ఉద్యోగాల్ని ఇంపీరియల్, ప్రొవిన్షియల్, సబార్డినేట్ అని మూడుగా విడదీయమంది. తర్వాత క్లాసులొచ్చాయి, గ్రూపులొచ్చాయి. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్రంలో గ్రూప్ డి పోయి ‘మల్టీ టాస్కింగ్ స్టాఫ్’ వచ్చింది. మన దగ్గర బంట్రోతు, అటెండరు, ఇప్పుడు ఆఫీస్ సబార్డినేట్. రూల్స్ పుస్తకంలో మాత్రం ఆ సర్వీసు పేరు ‘లాస్ట్ గ్రేడ్’. ఇంత నిర్మొహమాటం ఇంగ్లీషులో అరుదు.

ఆ కింది మెట్టుకి ఒక్క లాభం ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో 1984 చట్టం ప్రకారం మిగతా ఉద్యోగులు 58కి దిగిపోవాలి, లాస్ట్ గ్రేడ్ వాళ్లు 60 దాకా ఉండొచ్చు. మా వీధిలో రిటైరైన అటెండరు ఒకాయన ఈ మాటెత్తితే మీసం సవరించుకుంటాడు. “మా ఆఫీసరు, నేనూ ఒక ఈడువాళ్లం సార్. దండేసి ఆయన్ని ఇంటికి పంపింది నేనే. తర్వాత రెండేళ్లు కొత్తాయనకి ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చూపించాను.”

జూలై 2
2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం, జస్టిస్ ఓకా, జస్టిస్ భుయాన్, ట్రయల్ కోర్టుని ‘లోయర్ కోర్టు’ అనొద్దని తన రిజిస్ట్రీకే చెప్పింది. రికార్డు మీద కూడా ‘ట్రయల్ కోర్టు రికార్డు’ అనే ఉండాలంది. బాగుంది. కానీ రాజ్యాంగం ఆరో భాగంలో 233 నుంచి 237 దాకా అధికరణాలున్న అధ్యాయం శీర్షికే ‘సబార్డినేట్ కోర్ట్స్’. దాని జోలికెవరు వెళ్తారు?

మామూలుగా సాక్షి బోనులో నిలబడి తడబడేదీ, నీళ్లు నమిలేదీ ఆ కోర్టులోనే. అప్పీలు విన్నవాళ్లకు అందేది టైపు చేసిన వాంగ్మూలం.

పత్రిక డెస్కులో ఉన్న మిత్రుడికి ఫోన్ చేసి, మీరింకా ‘దిగువ కోర్టు’ అనే రాస్తున్నారేమిటని అడిగాను. “విచారణ న్యాయస్థానం అంటే సింగిల్ కాలంలో పట్టదండీ” అన్నాడు.