బందరు మాదే

బందరు అన్నది ఫారసీ మాట. రేవు అని అర్థం. కృష్ణాజిల్లా వాళ్ళు రోజూ నోరారా పలికే ఈ పేరుని ఎవరూ పరాయిదనరు. ఫారసీ, అరబ్బీ పేర్లున్న మనుషుల్ని మాత్రం "మీ అసలు ఊరేది?" అని ఇంకా అడుగుతూనే వున్నారు.

నాకు నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాస్తున్నాను. అయినా "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అన్న మెచ్చుకోలు వినపడుతూనే వుంటుంది. ముషాయిరాలకి వెళితే "తెలుగు మియాఁ వచ్చాడు" అని ఇంకో ఎత్తిపొడుపు. మా అమ్మాయి బడి ఫారంలో మాతృభాష గడిలో రెండూ రాస్తే, ఒకటి కొట్టేసి తెమ్మన్నారు. ఏది కొట్టెయ్యాలి? ఏది కొట్టేసినా పోయేది నాలో సగమే కదా!

పోయిన సంక్రాంతి సెలవులకి బందరులో నా భార్య వాళ్ళ ఖాలా ఇంటికి వెళ్ళాం. పిల్లలకి మంగినపూడి సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. దస్తర్‌ఖాన్ మీద గోష్త్ చూసి "అంబాడే కా సాలన్" అన్నాను. ఖాలా నవ్వింది. "మీ హైదరాబాదులో ఏమంటారో గానీ బేటా, ఇక్కడ ఇది గోంగూరే." హైదరాబాదులో మేం చింతచిగురు వేసి వండిన మాంసాన్ని చిగుర్ గోష్త్ అంటాం. ఆ చిగుర్ తెలుగు చిగురే. ఉర్దూ నాలుకకి అంటిన తెలుగు పులుపు అది.

మర్నాడు నల్ల హల్వా తినిపించింది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లంతో కలిపి, నెయ్యి పోస్తూ గంటల తరబడి తిప్పితేగానీ అది కుదరదు. హల్వా అరబ్బీ మాట. ఇక బందరు లడ్డు. శనగపిండి పూసని నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్ళీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అన్నారు. బుందేల్‌ఖండ్ నుంచి వలసొచ్చిన బొందిలీలు తెచ్చారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎక్కడినుంచో వచ్చిన లడ్డు బందరుదైపోయింది. దాన్నెవరూ తిరిగి పొమ్మనలేదు.

అక్కడికి దగ్గర్లోనే పెడన. కలంకారీ ఊరు. ఆ పేరూ ఫారసీదే. శ్రీకాళహస్తిలో కలంతో రామాయణ, భారత కథలు గీస్తారు. ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ బట్టలు బందరులో ఓడలెక్కి ఇరాన్ వెళ్ళేవి. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఈ రేవుకొచ్చి కొట్టు తెరిచింది కూడా ఈ బట్టల కోసమే. అందుకే ఈ అద్దకంలో మిహ్రాబులు, సర్వీ చెట్లు, బాదం బుటాలు, అల్లుకున్న తీగలు.

పనిచేస్తున్న పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. బట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుము బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరితే నలుపు. పటిక అద్ది రంగునీళ్ళలో ఉడికిస్తే ఎరుపు. మధ్యమధ్య కాలవ నీళ్ళలో జాడించాలి. "అదే పూలు స్క్రీనుతో కొట్టి, కలంకారీ అని చవగ్గా అమ్ముతున్నారండీ. మా వాడు ఈ పనికి రానన్నాడు" అన్నాడు.

ఒక అచ్చు చూపించి "ఇది మిహ్రాబ్ కదా పెద్దాయనా?" అన్నాను. "ఏమో సాయిబుగారూ, మా తాతల నాటి అచ్చు. మాదే" అన్నాడు.

ఆయన ముస్లిం కాదు. ఆ అచ్చు ఇరాన్‌దా, మసీదుదా అని ఆయనకి పట్టలేదు. తరతరాలుగా ఆ అచ్చు మీద చేతులు కాయలు కాచాయి, అదే ఆయన హక్కు. చేసిన పనిని బట్టి వచ్చే హక్కు అది. మా తాతలు ఈ నేల దున్నారు, నేశారు, ఈ భాషలో ఏడ్చారు, తిట్టుకున్నారు, పిల్లల్ని జోకొట్టారు. మరి మా హక్కుకి ఇంకా రుజువులెందుకు?

ఆ పెద్దాయన మాటే నేనూ అంటున్నాను. ఉర్దూ మాదే. తెలుగూ మాదే. బందరూ మాదే.