సెలవు పెట్టి... పట్టాలు మోస్తారు!

ఫిబ్రవరి నెల. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం, పడమటి తీరం. సముద్రం మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తుంటుంది. వాన ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. బుద్ధున్నవాడెవడూ ఇల్లు కదలని అలాంటి రోజుల్లో టవిన్ అనే చిన్న ఊరికి జనం సంచులు సర్దుకుని మరీ వస్తారు. సముద్రస్నానానికి కాదు. పొద్దున్నే పాత కోటూ బురద బూట్లూ తొడుక్కుని, పారలూ గడ్డపారలూ భుజానేసుకుని రైలు పట్టాల వెంట బయల్దేరతారు. పుచ్చిపోయిన స్లీపరు చుట్టూ కంకర తోడెయ్యాలి. దాన్ని పక్కకి లాగెయ్యాలి. కొత్తది దూర్చాలి. మళ్లీ కంకర కూరి, పట్టా సమంగా ఉందో లేదో చూసుకోవాలి. ఒక్కటి అయ్యేసరికే నడుం పట్టేస్తుంది. అలాంటివి రోజంతా! ఇంతా చేస్తే వాళ్లకొచ్చే కూలి ఎంతనుకుంటున్నారు? సున్నా. పైగా సంఘంలో సభ్యులుగా ఏటా చందా వాళ్లే కడతారు.

ఈ తంటాలన్నీ ఓ బుల్లి రైలు కోసం. పేరు టాలిలిన్ రైల్వే. ఈ కొస నుంచి ఆ కొసకి పట్టుమని 12 కిలోమీటర్లు లేదు. పట్టాల మధ్య దూరం రెండడుగుల మూడంగుళాలు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి గుణుపూర్‌కి 2004 దాకా నడిచిన చిన్న రైలు ఎక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దాని పట్టాలకన్నా ఇవి మరో మూడంగుళాలు ఇరుకు. అయితేనేం... మూతపడబోయిన రైలు మార్గాన్ని జీతం లేని మనుషులు చేతుల్లోకి తీసుకుని నడిపించడమన్నది ప్రపంచంలో మొదలైంది ఇక్కడే.

మన పెద్దవాళ్లు అక్షరాలు దిద్దిన పలక ఉంది చూశారూ... ఆ పలకరాయే ఈ రైలుకి మూలం. బ్రిన్ ఎగ్లూయిస్ అనే కొండలో తవ్విన రాయిని కిందికి తేవడానికి 1860లలో ఈ దారి వేశారు. ఇళ్ల కప్పులకి పలకరాయి పరిచే రోజులవి కాబట్టి గిరాకీకి లోటు లేదు. రాయితోపాటు మనుషుల్నీ ఎక్కించుకోవాలనుకున్నారు. తీరా 1866లో ప్రభుత్వం తరఫున కెప్టెన్ టైలర్ తనిఖీకి వచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. దారి మీద కట్టిన వంతెనలు మరీ ఇరుకు. వాటి కింద పెట్టెకీ గోడకీ మధ్య రెండడుగుల ఖాళీ కూడా లేదు. ప్రయాణికుడు తలుపు తీశాడో, గోడకేసి కొట్టుకోవాల్సిందే. వంతెనలు పడగొట్టి మళ్లీ కట్టడానికి డబ్బు కావాలి. అంతకన్నా చవకైన ఉపాయం ఒకటి దొరికింది. వంతెనల కింద పట్టాల్ని ఓ పక్కకి జరిపేశారు. రెండో పక్క తలుపులు శాశ్వతంగా మూసేశారు. ఏడాదికో కొత్త హంగు పెట్టే ఈ రోజుల్లోనూ టాలిలిన్ రైలు ఎక్కాలన్నా దిగాలన్నా ఒకవైపు నుంచే!

1911లో గనినీ రైలునీ కొన్న సర్ హేడన్ జోన్స్ ఆ ప్రాంతం నుంచి పార్లమెంటు సభ్యుడు. టవిన్‌లో ఇనుప సామాన్ల కొట్టు యజమాని. తాను బతికున్నన్నాళ్లూ రైలు ఆగదని మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, జేబులోంచి పెట్టుకుని. 1946లో గని కూలి మూతపడింది. 1948లో బ్రిటన్ రైళ్లన్నీ ప్రభుత్వపరమయ్యాయి కానీ ఆ జాబితాలో ఈ రైలు పేరు లేదు. అంటే ఆదుకునే దిక్కు లేదన్నమాట. ఉన్నవి 1860లలో కొన్న రెండే ఇంజిన్లు. ఒకటి ఏనాడో మూలపడింది. రెండోది డోల్‌గోఖ్. అది పాడైన రోజు రైలూ లేదు. పట్టాలైతే గడ్డిలో కలిసిపోయాయి. స్లీపర్లు పుచ్చిపోయిన చోట ఆ గడ్డి వేళ్లే పట్టాల్ని పట్టి ఉంచాయంటే నమ్మాలి మరి. 1950 జులైలో పెద్దాయన కన్నుమూశాడు.

ఆనాటి వరకూ ఆ రైలుని ముద్దుగా చూసి ఫొటోలు తీసుకుపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. చేయి కలుపుదామన్నవాడు ఎల్.టి.సి. రోల్ట్. ఇంజినీరింగ్ పని నేర్చి, పుస్తకాలు రాసుకుంటూ, కాలువల మీద పడవలోనే కాపురం పెట్టిన మనిషి. యుద్ధకాలంలో ఓసారి సరదాపడి టవిన్ వెళ్తే ఆ రోజు రైలు లేదన్న కబురు ఎదురైంది. ఊరుకోలేదు, పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు. ఆ నడకలోనే మనసు చిక్కుకున్నట్టుంది. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్లో రోల్ట్, మిత్రులు కలిసి సమావేశం పెట్టారు. సంఘం పుట్టింది. సర్ హేడన్ భార్య రైల్వేని వాళ్లకి అప్పగించడానికి ఒప్పుకుంది.

ఆవిడ ఒప్పుకుంది సరే, పట్టాలు ఒప్పుకోవద్దూ? రైలు నడపడమంటే ఆటబొమ్మకి తాళం తిప్పినట్టా అని నవ్వినవాళ్లు లేకపోలేదు. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. చేతిలో వేసవి వరకు ఆరేడు నెలలు. అందులో సగం చలికాలం. ఊళ్లలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు శని, ఆదివారాలు వచ్చి గడ్డి చెక్కారు, తుప్పలు నరికారు, స్లీపర్లు మార్చారు. మూతపడిన పొరుగు మార్గం కోరిస్ రైల్వే నుంచి పాత పట్టాలు తెచ్చుకున్నారు. మే 14, 1951. వార్ఫ్ స్టేషన్ నుంచి డోల్‌గోఖ్ కూత పెట్టింది. వెళ్లింది రెండు మైళ్లే, రిడరోనెన్ అనే ఊరిదాకా. అంతకు మించి పోవడానికి పట్టాల మీద ఇంకా నమ్మకం లేదు మరి!

నంబర్ 3 పట్టాలు దిగింది!

ఒక్క ఇంజిన్‌తో సీజనంతా నెట్టుకురావడమంటే ఒంటెద్దు బండి మీద పెళ్లివారిని తరలించడమే. అందుకని అదే కోరిస్ రైల్వేకి చెందిన రెండు ఇంజిన్లు కొన్నారు. ఒక్కోటీ 25 పౌన్లు. ఎంత చవకో కదా! నంబర్ 3కి సర్ హేడన్ అనీ, నంబర్ 4కి పాత మేనేజరు ఎడ్వర్డ్ థామస్ అనీ పేర్లు పెట్టారు. నంబర్ 3ని పట్టాలెక్కించారు. దిగిపోయింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ దిగిపోయింది. కొలిచి చూస్తే తెలిసింది... రెండడుగుల మూడంగుళాలని కాగితం మీద రాసుకున్న పట్టాలు నిజానికి సుమారు అర అంగుళం ఎడంగా ఉన్నాయి. పాత ఇంజిన్ల చక్రాలు వెడల్పు కాబట్టి సర్దుకుపోయాయి. కొత్తగా వచ్చినదాని చక్రాలు సన్నం. పట్టాల మధ్యకి జారిపోతోంది. చేసేదేముంది, దాన్ని పక్కన పెట్టి ఆ ఏడాదంతా ముసలి డోల్‌గోఖ్‌నే నమ్ముకున్నారు. అది మొరాయించి ఉంటే కథ అక్కడితో సరి. మొరాయించలేదు.

నంబర్ 4ని లీడ్స్ నగరంలోని హన్స్‌లెట్ ఇంజిన్ల కంపెనీ పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చింది. 1921లో దాన్ని తయారుచేసింది కెర్ స్టువర్ట్ కర్మాగారం. రోల్ట్ కుర్రాడిగా పని నేర్చుకున్నదీ అక్కడే! 1953లో సైన్యానికి చెందిన ఇంజినీరింగ్ విభాగం వాళ్లు శిక్షణ పేరుతో వచ్చి కొంత మేర కొత్త పట్టాలు వేసిపెట్టారు. రాయితో కట్టిన గోడకి తలో చెయ్యీ వేసినట్టు ఏటా కాస్త కాస్త నిలబడింది రైలు. ఇరవై అయిదేళ్లయ్యాక, 1976లో, పాత గని వైపు నాంట్ గ్వెర్నాల్ దాకా ప్రయాణికుల్ని తీసుకెళ్లే దారి కూడా తెరిచారు.

ఇక పిల్లల సంగతి. టీవీలో థామస్ ట్యాంక్ ఇంజిన్ చూసిన ప్రతి ఇంట్లోనూ ఈ రైలు గురించి తెలియకుండానే తెలుసు. ఆ కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ 1952లో ఇక్కడ స్వచ్ఛందంగా గార్డు పని చేశాడు. ఓరోజు పచ్చజెండా ఊపేశాడు, రైలు కదిలిపోయింది... ప్రయాణికులకి చిరుతిళ్లు అమ్మే ఆవిడ ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయింది! ఆ పొరపాటునే తర్వాత కథగా మలిచాడు. ఆయన పుస్తకాల్లోని స్కార్లోయి, రీనియస్ మరెవరో కాదు, ఈ టాలిలిన్, డోల్‌గోఖ్ ఇంజిన్లే. గార్డుగా చేసిన తప్పు రచయితగా పనికొచ్చిందన్నమాట.

చలికాలమే అసలు సీజన్

చూడవచ్చినవాళ్లకి కనిపించేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా... మెరిసే ఇత్తడి, తెల్లటి పొగ, గార్డు ఈల. చూడనిది మిగతా నెలల్లో ఉంటుంది. నీళ్లు కాచే పాత్ర అడుగున గార కట్టినట్టే బాయిలరు లోపలా కడుతుంది. నీళ్లు ఖాళీ చేసి, మూతలు విప్పి, గొట్టపు నీటిధారతో కడిగి, కడ్డీలతో గీకి దాన్ని వదలగొట్టాలి. పొగ వెళ్లే గొట్టాల్లో మసి తియ్యాలి. పొయ్యి గోడలు పలచబడ్డాయేమో చూడాలి. ఆ తర్వాత బాయిలరు తనిఖీ నిపుణుడు వస్తాడు. ఓసారి చల్లగా ఉన్నప్పుడూ, మరోసారి ఆవిరి మీద ఉన్నప్పుడూ పరీక్షిస్తాడు. ఆయన సరేననకపోతే ఎంత అందమైన ఇంజినైనా షెడ్డు దాటడానికి వీల్లేదు. అదయ్యాక ఏటా జరిగేది. పదేళ్లకోసారి ఇంజిన్‌ని ముక్కలుగా విప్పి మొత్తం చూసుకోవడం మామూలు. ఈ లెక్కన 1860ల నాటి ఇంజిన్‌లో పాత ఇనుము ఎంత మిగిలి ఉంటుంది? 1950లలో విప్పి బాగుచేసిన తర్వాత టాలిలిన్ 1958లోనూ, డోల్‌గోఖ్ కొత్త బాయిలరుతో 1963లోనూ తిరిగొచ్చాయి. పాతదా, కొత్తదా అని వాదించుకునేవాళ్లు వాదించుకోవచ్చు. బాగుచేసేవాళ్లకి అంత తీరిక ఉండదు.

పట్టాల పక్కన మరో లోకం. వేల్స్‌లో వానకి కొదవ లేదు కాబట్టి కాలవలు పూడిపోతే కంకర కిందికి నీరు చేరుతుంది, పట్టా కుంగుతుంది. అందుకే కాలవ తీతే సగం పని. 51 అడుగుల ఎత్తున్న డోల్‌గోఖ్ వంతెన ఇటుకల మధ్య మొక్క మొలిచిందా అన్నదీ చూడాలి. షెడ్డులో కొందరు పెట్టెలకి రంగు వేస్తుంటారు. ఒక పూత, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పూత. ఇంకొందరు పుస్తకాల ముందు కూర్చుంటారు. గార్డయినా డ్రైవరయినా రైల్వే నిబంధనలు తెలిసి ఉండాల్సిందే. జీతం లేదు కదా అని పరీక్షలో మార్కులు కలపరు!

కొద్దిమంది జీతగాళ్లు లేకపోలేదు. అయినా ఈ రైలు బరువంతా వచ్చిపోయేవాళ్ల భుజాల మీదే. అక్కడే ఉంది చిక్కు. చలికాలం పని వెనకబడితే వసంతంలో రైలు కదలదు. రైలు కదలకపోతే టికెట్ల డబ్బు లేదు. ఆ డబ్బు లేకపోతే వచ్చే చలికాలానికి స్లీపర్లు లేవు. 2020 మార్చిలో సరిగ్గా సీజన్ ముంగిట కోవిడ్ వచ్చి ఆ గొలుసు ఎంత సన్నదో చూపించింది. ఇది చాలదన్నట్టు బొగ్గు. వేల్స్ అంటేనే బొగ్గు. అలాంటిది అక్కడి పెద్ద ఓపెన్‌కాస్ట్ గని ఫాస్-ఇ-ఫ్రాన్ 2023లో మూతపడింది. బ్రిటన్‌లో ఈ తరహా రైళ్లు వందకు పైనే ఉన్నాయి. వాటిలో ఆవిరి ఇంజిన్లకి ఇప్పుడు ఓడల్లో వచ్చే బొగ్గే దిక్కు. 2021లో ఈ రైలూ, బ్రిన్ ఎగ్లూయిస్ గనీ కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. గౌరవమే. కాకపోతే యునెస్కో వచ్చి కాలవలు తియ్యదు.

అందుకే ఇక్కడి పెద్దవాళ్ల కళ్లు ఇంజిన్ల కన్నా కుర్రాళ్ల మీదే ఎక్కువ. అమ్మానాన్నలతో వచ్చే పిల్లలకీ చేతనైన పని అప్పజెబుతారు. కాస్త ఎదిగాక ఇంజిన్ తుడిచే గుడ్డ చేతికొస్తుంది. చక్రాలు, కడ్డీలు, నూనె జిడ్డు. తుడుస్తూ తుడుస్తూ ఏ భాగం ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఫైర్‌మన్. చల్లారిన ఇంజిన్‌కి ఒక్కసారిగా పెద్దమంట పెడితే ఇనుము ఒకచోట సాగి ఒకచోట సాగక బాయిలరు దెబ్బతింటుంది. పొద్దుటి రైలుకి తెల్లవారకముందే లేచి సన్నమంటతో మొదలుపెట్టాలి. గాజు గొట్టంలో నీటిమట్టం మీంచి చూపు తిప్పకూడదు. ఏ మలుపు ముందు ఎన్ని పారల బొగ్గు వెయ్యాలో ఒంటికి పట్టాలి. ఏడాదికి కొన్ని రోజులే వచ్చి నేర్చుకునేవాళ్లకి ఇదంతా దాటి డ్రైవరు కావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది.

స్వచ్ఛంద రైలు మొదలై 2026 మే నెలకి 75 ఏళ్లు. ఆ ఏడాది మొదటిసారి గుడ్డ పట్టుకున్న కుర్రాడికి రెగ్యులేటరు మీద చెయ్యేసే రోజు రావాలంటే అప్పటిదాకా ఎన్ని చలికాలాలు గడవాలో, వాటిలో ఎన్నిటికి అతగాడు సెలవు పెట్టుకుని వస్తాడో... షెడ్డులో టీ కప్పుల దగ్గర తెగని లెక్క అదే.