'రానేదు' అంటే నవ్వీసినారు

బడి నుంచి వచ్చిన పిల్లల్ని మనం అడిగేది ఒకటే ప్రశ్న: "ఈ రోజు ఏం చెప్పారు?" వాళ్ల జవాబూ ఒకటే: "ఏటీ నేదు." మనం అడిగింది పాఠం గురించి. వాళ్ల మనసులో ఉన్నది వేరే.

చీపురుపల్లిలో మా వీధి పిల్లలు సాయంత్రం మా అరుగు మీద చేరతారు. "బువ్వ ఎవరి పక్కన కూకుని తిన్నావు?", "ఇవాళ ఎవరికి ఏడుపొచ్చింది?" అని అడుగుతుంటాను. అలా అడిగితే ఇక మాటలు ఆగవు.

వాళ్లలో నాలుగో తరగతి బాబు ఒకడు ఉన్నట్టుండి మాట తగ్గించేశాడు. పొద్దున్నే కడుపునొప్పి. వాము నీళ్లు పట్టారు, డాక్టరుకి చూపించారు. ఏమీ లేదన్నారు. ఆదివారం మాత్రం నొప్పి రాదు! "బడి ఎగ్గొట్టడానికి ఏసాలు పిన్నీ" అంది వాళ్లమ్మ.

నేను వాణ్ని నిలదీయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని వేరుశనక్కాయలు ఒలిపించాను. చేతులు పనిలో ఉంటే, ఎవరూ మొహంలోకి చూడకపోతే, పిల్లలకి మాట సులువుగా వస్తుంది. కాసేపటికి వాడే మొదలెట్టాడు.

"నిన్నెందుకు రాలేదని సార్ అడిగారు మామ్మా. అమ్మకి జొరం, అందుకే రానేదండి అన్నాను. అందరూ నవ్వీసినారు. ఇప్పుడు నన్ను 'రానేదు' అనే పిలుస్తన్నారు."

"ఉక్రోషం వచ్చిందా, సిగ్గేసిందా?" అన్నాను. "రెండూనూ" అన్నాడు. బెంగ, గుబులు, ఉక్రోషం, చిన్నబోవడం... మనకి ఎన్ని మాటలున్నాయో! ఆ మాటలు మనం అందించకపోతే పిల్లలకి మిగిలేది కడుపునొప్పే.

'రానేదు' మా వైపు తెలుగే. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. జనం మాట్లాడే తెలుగు బడి పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన పుట్టిన ప్రాంతంలోనే ఒక పిల్లాడు ఇంటి మాట అన్నందుకు నవ్వులపాలయ్యాడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు చెప్పుకునేలా చదువు ఉండాలంటుంది. 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

వాళ్లమ్మ వెంటనే బడికి బయల్దేరబోయింది. ఆపి, ముందు వాణ్నే అడగమన్నాను. "ఎల్లండి గానీ అందరి ముందూ సెప్పొద్దు" అన్నాడు. బడి వదిలాక వెళ్లి మాట్లాడాం. ఆ మాస్టారు శ్రద్ధగా విన్నారు. మర్నాడు ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరింట్లో ఏ మాట ఎలా అంటారో పిల్లలందరి చేతా చెప్పించారట.

ఆ వెక్కిరింత పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరన్నారో, తనకేమనిపించిందో ఇంటికొచ్చి చెబుతున్నాడు. కడుపునొప్పి కూడా తగ్గింది.

మీ ఇంట్లో పిల్లలు బడి కబురు చెబుతుంటే మధ్యలో "'రానేదు' కాదు, 'రాలేదు' అనాలి" అని దిద్దకండి. ముందు మొత్తం వినండి. ఆ తర్వాత "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అని వాళ్లనే అడగండి. బడిలో రాయాల్సిన తెలుగు తర్వాతైనా నేర్పొచ్చు.