కాలు దించే వీలు

నలభై అయిదేళ్ళ వయసులో సైకిలు నేర్చుకోవడమేమిటని మీరు నవ్వవచ్చు. నిజానికి సైకిలు నాకు కొత్త కాదు. గంటకు రూపాయి అద్దె యిచ్చి, కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కినవాణ్ణే. కొత్తగా వచ్చింది కొండల మీద తొక్కే సైకిలు. నెత్తురులో చక్కెర సరిహద్దు దాకా వచ్చిందని డాక్టరుగారు హెచ్చరించాక, లావుపాటి టైర్ల మౌంటెన్ బైక్ ఒకటి కొన్నాను.

మేముండేది జగిత్యాలలో. దగ్గరున్న కొండ కొండగట్టే. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. 2018 సెప్టెంబరు 11న ఆ రోడ్డు మీదనే బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ తరవాత యీ చుట్టుపక్కల ఎవరికీ దిగుడు అంటే తేలిక మాట కాదు. సరేనని, కొండ కింది మట్టిబాటలకే వొప్పుకొన్నాను.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే కుర్రాడు సైకిళ్ళ పిచ్చివాడు. "మాస్టారూ, కొండ తొక్కాలంటే క్లిప్‌లెస్ పెడళ్ళు పెట్టించండి. కాలు పైకి లాగినా బలం వస్తుంది" అన్నాడు. క్లిప్పు లేనిదంటే కాలికి స్వేచ్ఛ కాబోలనుకొన్నాను. తీరా చూస్తే అది కాలిని కట్టేసే పెడల్! జోడు అడుగున చిన్న యినప బిళ్ళ వుంటుంది. అది పెడల్‌లో టక్కున యిరుక్కుంటుంది. వూడాలంటే మడమను బయటికి తిప్పాలి. పూర్వం పందెగాళ్ళు పెడల్‌కు పంజరం లాంటి క్లిప్పు, తోలు పట్టీ బిగించుకొనేవారట. అది పోయింది గనక యిది క్లిప్‌లెస్. ఫ్రాన్సులో లుక్ అనే కంపెనీ 1984లో వీటిని తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. బురదలో తొక్కేవాళ్ళకు పనికివచ్చేవి జపాను షిమానో కంపెనీ 1990లో తెచ్చింది. యింత చరిత్ర తెలిశాక కొనకుండా వుంటానా? మా అమ్మాయికి పన్నెండో పుట్టినరోజుకు అలాంటివే కొనాలని కూడా అనుకొన్నాను.

చైత్ర పౌర్ణమి ముందు రోజులవి. మాల వేసుకొన్నవాళ్ళు కాషాయబట్టలతో, చెప్పులు లేకుండా కొండకు నడుస్తున్నారు. అమ్మాయి తన మామూలు సైకిలు మీద నా వెనకనే వస్తోంది. చిన్న మిట్ట దగ్గర ముందుచక్రం రాయికి తగిలి సైకిలు నిలిచిపోయింది. కాలు దించబోయాను. రాదే! మడమ తిప్పాలని బుద్ధికి గుర్తొచ్చేలోగా, నరికిన తాటిచెట్టులా బాటకడ్డంగా పడ్డాను. వెనకనున్న పిల్ల నా తలకు జానెడు దూరంలో, రెండు కాళ్ళూ నేలకానించి ఆగిపోయింది. దాని కాళ్ళు కూడా కట్టేసి వుంటే?

దారిన పోయే ముసలమ్మ నన్ను లేపుతూ అన్నది: "ఏంది బిడ్డా, కాళ్లు కట్టేసుకొని తొక్కుతున్నవా?"

యింటికి రాగానే పానా తీసి పెడళ్ళు విప్పబోయాను. కుడిది వూడింది. ఎడమది తిప్పినకొద్దీ బిగుస్తోంది. సైకిలు షాపు సాబు నవ్వాడు: "ఎడమదానికి మర ఉల్టా ఉంటది సారూ. పానా పైకి నిలబెట్టి వెనక చక్రం దిక్కు తిప్పు, రెండూ ఊడుతయ్. ముందు దిక్కు తిప్పితే బిగుస్తయ్."

యిప్పుడు నావి వెడల్పాటి చదును పెడళ్ళు. పైన చిన్న చిన్న మేకులు జోడును పట్టుకొంటాయి. నైలానువి చవక, తేలిక. రాయికి తగిలితే జారిపోతాయి. కొత్తవాడికి అవి చాలు. జోడు అడుగు చదునుగా, మెత్తని రబ్బరుదై వుండాలి. దిగేటప్పుడు మడమలు కిందికి వంచితే పాదం జారదు. ఏమరితే ఆ మేకులు పిక్కల ముందు ఎముకను గీరేస్తాయి. నాకు రెండు మచ్చలున్నాయి. అయినా పడ్డదానికంటే అవే నయం.

కట్టుడు పెడళ్ళు చెడ్డవని నేననను. సైకిలు మీద నిలకడ కుదిరాక, స్ప్రింగు వదులు చేసుకొని, గోడ పట్టుకొని వందసార్లు కాలు వూడదీయడం అలవాటైనవాడికి అవి మంచివే. నాకింకా ఆ రోజు రాలేదు. యిరవై యేళ్ళుగా పిల్లలకు పద్యపాదంలో యతి ఎక్కడుండాలో చెబుతున్నాను; నా పాదం సంగతి మాత్రం ఒక ముసలమ్మ చెప్పవలసి వచ్చింది.

చిత్రమేమంటే, ఎప్పుడంటే అప్పుడు దించగలనని తెలిశాక కాలు దించవలసిన అవసరమే తగ్గింది. మొన్న ఆదివారం ఆ మిట్ట దగ్గరకే వెళ్ళాం. అమ్మాయి ముందే ఎక్కి పైన నిలబడింది.

"కాలు దించావా నాన్నా?" అని అరిచింది.

"ఒక్కసారేనమ్మా" అన్నాను.