ఒకే చాప మీద

మానవ సమాజంలో అసమానతలు అనేక రూపాలలో కనిపిస్తాయి. కులం వల్ల, ధనం వల్ల, స్త్రీ పురుష భేదం వల్ల కలిగే అసమానతలను గురించి సంస్కర్తలు, పండితులు ఎంతో చర్చించారు. వయసు వల్ల కలిగే అసమానతను గురించి జరిగిన చర్చ మాత్రం స్వల్పం. ఒక కులంలో పుట్టినవాడు అదే కులంలో కన్నుమూస్తాడు. వయసు అట్లా కాదు. బతికి ఉన్న ప్రతి వ్యక్తీ బాల్యాన్ని దాటి యౌవనానికి, యౌవనాన్ని దాటి వార్ధక్యానికి చేరుకోవలసిందే. అందరికీ వచ్చేది కనుక ఈ భేదం సహజమైనదిగా తోస్తుంది. సహజమని తోచిన దానిని ఎవరూ ప్రశ్నించరు.

ఈ వివక్షకు ఆంగ్లంలో ‘ఏజిజం’ అనే పేరును 1969లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ పెట్టాడు. తెలుగులో దీనిని వయోవివక్ష అనవచ్చు. అంతకు ముందు, 1961లో, కమింగ్, హెన్రీ అనే ఇద్దరు పరిశోధకులు వృద్ధులు క్రమంగా సామాజిక బాధ్యతల నుంచి వైదొలగడం వారికీ సమాజానికీ మేలేనని ప్రతిపాదించారు. ఈ వాదాన్ని తరువాతి శాస్త్రవేత్తలు పలువురు అంగీకరించలేదు. తనంతట తాను తప్పుకోవడం వేరు, పక్కకు నెట్టబడడం వేరు. ఏ వయసువారు ఏ పని చేయాలో, ఎవరి మాట చెల్లాలో నిర్ణయించేది శరీరం ఒక్కటే కాదు, సమాజం కూడా.

ఈ విషయాన్ని గ్రహించడానికి పల్నాటి చరిత్ర చక్కగా ఉపకరిస్తుంది. 12వ శతాబ్దంలో మాచర్లలో మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చుండబెట్టి భోజనం పెట్టించాడని ప్రసిద్ధి. అదే చాపకూడు. కులం చేత దూరంగా ఉంచబడిన కన్నమదాసును ఆయన పుత్రసమానంగా ఆదరించి, సేనానాయకత్వం అప్పగించాడని వీరగాథ చెబుతుంది. ఆనాటి సమాజంలో ఇది అసామాన్యమైన సాహసం.

అయితే అదే గాథలో మరొక ఘట్టం ఉంది. కారెంపూడిలో యుద్ధానికి పెద్దలందరూ తరలిపోయారు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మాత్రం పసివాడని ఇంటి వద్దనే ఉండిపోయాడు. అతడు విసిరిన బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలింది. ఆమె నిష్ఠురంగా పలికిన పలుకులతో గాని అతనికి యుద్ధవార్త తెలియలేదు. తల్లి ఐతాంబ వారించింది. ఆ తల్లి భయం న్యాయమైనదే. పసివాణ్ణి కాపాడుకోవడం పెద్దల ధర్మం. కాని, తన వంశపు భవిష్యత్తును తేల్చే సంగతిని వీథిలో ఎవరో దెప్పిపొడిస్తే తప్ప తెలుసుకోలేని స్థితి కాపుదల అనిపించుకోదు. చివరకు బాలచంద్రుడు రణరంగానికి వెళ్లి వీరమరణం పొందాడు. అన్ని కులాలకు చాప మీద చోటు దొరికిన ఆ కథలో, ఆలోచనసభలో పిన్నవారికి చోటు దొరకలేదు. పెద్దల నిర్ణయానికి మూల్యం మాత్రం పిన్నవారు చెల్లించారు.

ఈ పరిస్థితి నేటికీ పూర్తిగా తొలగిపోలేదు. బాల్యవివాహాలను నిషేధిస్తూ 2006లో చట్టం వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. ‘నీకేం తెలుసు, చిన్నదానివి’ అన్న మాటతో చదువు ఆగిపోతుంది. పెళ్లి విషయంలో నోరు మెదపడానికి చాలని వయసు, సంసారం మోయడానికి చాలుతుందని పెద్దలు భావించడం విచిత్రం.

పిన్నల నోరు మూయించే మాట ‘నీకేం తెలుసు’ అయితే, వృద్ధుల నోరు మూయించే మాట ‘నీకెందుకు’. పల్నాటి పల్లెలలో మిరపకోతలు ముగిసే వేళకు కల్లాలు ఎర్రగా పరచుకుంటాయి. వయసులో ఉన్నవారు బస్తాలు మోస్తారు. ముదుసలి స్త్రీలు ఘాటుకు దగ్గుతూ, ఎండలో కూర్చుండి తాలుకాయలు ఏరుతారు. పంట ధర పలకడంలో ఆ ఏరివేతకు పాత్ర ఉంది. కాని సాయంత్రం ఇంటిలో అప్పుల లెక్క తేల్చేటప్పుడు, పొలం అమ్మాలా, కౌలుకివ్వాలా అని తర్జనభర్జనలు జరిగేటప్పుడు, ‘నీకెందుకు నాయనమ్మా, అన్నం తిని పడుకో’ అన్న మాటే వినిపిస్తుంది. ఆ పొలంలో ఏ మూల నీరు నిలుస్తుందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట మరొకరికి తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. నిరుపేద వృద్ధుల కోసం కేంద్రప్రభుత్వం 1995లో నెలకు 75 రూపాయలతో పింఛను పథకాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో అర్హతా వయసు 2019లో 65 నుంచి 60 ఏళ్లకు తగ్గింది. 2024 నుంచి పింఛను 4,000 రూపాయలయింది. నెల మొదట సొమ్ము గడప వద్దకు వస్తుంది. ఏళ్ల తరబడి కాయకష్టం చేసి అరిగిన వేలిముద్రలను యంత్రం ఒక్కొక్కసారి గుర్తించదు. జీవితమంతా చేసిన శ్రమే ఆ చేతి గుర్తును చెరిపివేసింది. పింఛను అందిన నాడు ఆ ముదుసలికి ఇంటిలో దొరికే పలకరింపు నెల చివరి దాకా నిలిస్తే ఎంత బాగుండును!

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో పార్లమెంటు చట్టం చేసింది. బిడ్డలు ఆదరించకపోతే వృద్ధులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చట్టం కూటికి హామీ ఇస్తుంది. మాటకు విలువ ఇవ్వవలసింది కుటుంబమే.

ఏటా కార్తిక మాసాంతంలో కారెంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వంశపారంపర్యంగా వచ్చిన కొణతాలను వీరాచారవంతులు భక్తితో తెస్తారు. చాపకూడు ఆచారాన్ని స్మరిస్తారు. నాడు బ్రహ్మనాయుడు పరిచిన చాప కులం పేరిట నిలిచిన అడ్డుగోడను దాటింది. ఆ చాపను ఇంకొంత వెడల్పు చేయడం ఈ తరం బాధ్యత. పొలం అమ్మే నాడు నాయనమ్మనూ, పెళ్లి తలపెట్టిన నాడు మనుమరాలినీ పిలిచి ‘నీ మాట ఏమిటి?’ అని అడిగే ఇంట ఆ చాప పరచినట్లే. చాపకూడులోని సమత అక్కడ సంపూర్ణమవుతుంది.