కొంగుకు చోటిచ్చిన కోటు

చేవెళ్ల రోడ్డు అనగానే మర్రిచెట్లు గుర్తొస్తాయి. హైదరాబాద్ శివారులోని పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా 900 దాకా ఉన్న ఆ మర్రుల కోసం హరిత ట్రైబ్యునల్‌లో కేసు నడిచింది, పత్రికలు బోలెడు రాశాయి. నేను రాసేది ఆ రోడ్డు దిగాక సంగతి. మొయినాబాద్, కనకమామిడి దాటి చామంతి తోటల వైపు మళ్లితే ఒక రైతు ఇల్లు. ఆ ఇల్లాలు గొంగడి నూలుతో తనకోసం కోటు అల్లుకున్నారని విని వెళ్లాను.

నమ్మలేక వెళ్లానంటే సబబు. గొంగడి నూలు మగ్గం కోసం వడికిన నూలు. బిగించినప్పుడు తెగకుండా దానికి గట్టిగా పురి పెడతారు, పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. అల్లికకు కావలసింది వేరు: పోగు వంగాలి, సాగాలి, సూది మీద జారాలి. పైగా దక్కనీ గొర్రె ఉన్ని ముతక. మెత్తటి స్వెట్టర్లకు వాడే మెరినో పోగు 20 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటే ఇది సుమారు దానికి రెట్టింపు లావు.

వసారాలో ఆమెతో పాటు పక్క ఊరి నుంచి వచ్చిన కురుమ అవ్వ కూర్చుని ఉంది. నూలు వడికింది ఆమే. ముద్దగా ఉన్న నల్ల ఉన్నిని వేళ్లతో విప్పుతూ నన్నోసారి ఎగాదిగా చూసి, "మెత్తగ లేదంటవా బిడ్డా? మెత్తగుంటె వాన ఆగుతదా?" అంది. నేనింకా నోరు తెరవలేదు.

అక్క (అలాగే పిలిచాను) చిన్నప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో చదువుకుంటూ అల్లికలో సీదా, ఉల్టా కుట్లు నేర్చుకున్నారట. కోటు నమూనా ఒక పాత ఇంగ్లిష్ పుస్తకంలోది. పుస్తకాన్ని నాకు చూపించి మూసేశారు. "ఇందులున్న లెక్కలు నాకు పనికిరావు. బొమ్మ మాత్రమే నాది" అన్నారు.

లెక్క ఎలా మారిందో తర్వాత విప్పి చెప్పారు. పుస్తకం ప్రకారం 10 సెంటీమీటర్ల వెడల్పుకు 22 కుట్లు రావాలి. ముందు జానెడు ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి, స్కేలు పెట్టి కొలిచారు. ఈ నూలుకు వచ్చినవి 15. అంటే 50 సెంటీమీటర్ల వీపు భాగానికి పుస్తకం చెప్పిన 110 కుట్లు కాదు, 75 చాలు. నిలువులోనూ అంతే: 10 సెంటీమీటర్లకు అక్కడ 28 వరసలు, ఇక్కడ 20. చంక లోతు 20 సెంటీమీటర్లకు 56 వరసలు అల్లుతూ కూర్చుంటే చెయ్యి నడుం దగ్గర మొదలయ్యేది! నమూనా మార్చుకోవడమంటే మన ఒంటికి తగ్గట్టు అక్కడా ఇక్కడా రెండు కుట్లు పెంచడం, తగ్గించడం అనుకునేవాణ్ని. ఇక్కడ ఒంటికంటే ముందు నూలే మాట చెల్లించుకుంది.

అది అంతటితో ఆగలేదు. మొదట అల్లిన ముక్క ఓ పక్కకు వాలిపోయింది. ఒంటి పోగుకు ఒకే వైపు గట్టి పురి ఉంటే అల్లిన గుడ్డ కూడా ఆ పురి లాగిన వైపే ఒరుగుతుంది. మగ్గం మీద పడుగు, పేక ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి అక్కడ ఈ వాలు తెలియదు. అవ్వ చేత రెండు పోగులు కలిపి ఎదురు పురి పెట్టించారు. పనిలో పనిగా సాదా అల్లిక మానేసి, సీదా పక్కన ఉల్టా, ఉల్టా మీద సీదా వచ్చేట్టు అల్లారు. రెండో ముక్క నిటారుగా నిలిచింది. కోటు మీద గింజలు చల్లినట్టున్న ఆ గరుకు ముచ్చట కోసం వచ్చిందనుకున్నాను, కాదన్నమాట.

ఒంటి సంగతి ఆ తర్వాత. పుస్తకంలోని ఆడమనిషి చీర కట్టదు. ఎడమ భుజం మీద కొంగు మడతలు ఉంటాయి కనుక ఆ వైపు భుజం ఓ వేలెడు వెడల్పు పెంచారు, మెడ ఆ పక్కన కాస్త కిందికి దింపారు. ముందు భాగం కుచ్చిళ్ల మీద ఎత్తుగా లేవకుండా పొడవు తగ్గించి, పక్కల చీలికలు పెట్టారు. చేతులు గాజుల పైన ఆగిపోతాయి. దానికి కారణం అందం కాదు. చామంతులు కోసేది తెల్లవారుజామున. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పువ్వు పొద్దున్నే చేరాలి. డిసెంబర్, జనవరిల్లో ఇటువైపు ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది, ఆకుల మీద మంచు కారుతూ ఉంటుంది. మణికట్టు దాకా ఉన్ని ఉంటే తడిసి బరువెక్కి మరింత చలి పెడుతుంది. మెడకు ముతక ఉన్ని గుచ్చుకోకుండా లోపల పత్తి గుడ్డ పట్టీ కుట్టారు.

అవ్వకు ఇదంతా వేషంలా తోచింది. "గొంగడికి కొలతెందుకు? వానొస్తె నెత్తిన మడుస్తం, చలైతె భుజాన, రాత్రైతె పక్క. నీ కోటు మీద పండుతవా?" అని అడిగింది. నిజమే. సన్నటి పట్టీలు రెండు నేసి మధ్యలో కలిపి కుట్టిన ఆ నల్ల గుడ్డ ఎవరి ఒంటికైనా తగుతుంది. అక్క వాదించలేదు. "గొంగడి కప్పుకొని రెండు చేతుల పువ్వు కోసి చూపియ్యి అవ్వా" అన్నారు. అవ్వ నవ్వి ఊరుకుంది. ఈ పంచాయితీలో నేను అక్క పక్షమే.

కోటుకు కిలోకు పైగా నూలు పట్టిందట. రెండోది అల్లమని మొయినాబాద్ నుంచి ఒకరు అడుగుతున్నారు, చిక్కంతా ఉన్నితోనే. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో లబ్ధిదారుకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వచ్చినవి ఎక్కువగా నెల్లూరు జాతి. వాటికి మాంసం ఉంది, ఉన్ని లేదు. ఉన్న నల్ల దక్కనీ గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు కత్తెర వేయించాలంటే కూలి ఖర్చు. కత్తిరించిన ఉన్నికి ఆ ఖర్చు కూడా రాక గుంటలో పారేసేవాళ్లున్నారు. సభల్లో నాయకుల భుజాల మీద వేసే గొంగళ్లకు మాత్రం కొరత కనిపించదు.

అవ్వ కొడుకు మందలో నల్లవి కొన్నే మిగిలాయి. ఈసారి కత్తెర పడ్డ రోజున కబురు చేస్తే తానే వచ్చి మెడ దగ్గరి మెత్తటి ఉన్ని వేరు చేసుకుంటానన్నారు అక్క. అవ్వ ధర దగ్గర పట్టుబట్టింది: ఒంటి పోగుకు ఒక రేటు, రెండు పోగులు కలిపి ఎదురు పురి పెడితే రెండు రేట్లు. "అంత పనుందా అందులో?" అన్నారు అక్క. "నువ్వు తిప్పి చూడు" అంటూ అవ్వ కదురు ఆమె చేతిలో పెట్టింది. నేను బస్సుకు బయల్దేరేసరికి బేరం తెగలేదు.