ఆ 27 ఫ్రేములు

గేమ్‌లో ఓడిపోతే మన క్యాంపస్‌లో వినిపించే మొదటి మాట "పింగ్ రా". రెండో మాట "వాడు స్లో రా". నెట్‌తోనూ, చేతులతోనూ సంబంధం లేకుండా, మౌస్‌కీ స్క్రీన్‌కీ మధ్యలోనే టైమ్ పోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. దాని పేరు ఇన్‌పుట్ ల్యాగ్. దాని గురించి చెప్పాలంటే ముందు స్క్రీన్ టేరింగ్ గురించి చెప్పాలి. ఎందుకంటే ఒకదాన్ని వదిలించుకోబోతే రెండోది తగులుకుంటుంది.

మానిటర్ బొమ్మని ఒకేసారి చూపించదు. పై వరస నుంచి కిందికి గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ అయితే సెకనుకి 60 సార్లు, అంటే ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తన స్పీడులో తను ఫ్రేములు తయారుచేస్తుంటుంది. బోర్డు మీది లెక్కని మనం నోట్సులోకి ఎక్కించుకుంటున్నాం, సగంలో ఉండగానే సార్ చెరిపేసి ఇంకో లెక్క రాసేశారనుకోండి. మన పేజీలో పై సగం పాత లెక్క, కింది సగం కొత్త లెక్క. గేమ్‌లో గోడ మధ్యకి విరిగినట్టు కనిపించే చిరుగు అదే.

వి-సింక్ ఆన్ చేస్తే సార్ ఆగుతారు. మన పేజీ పూర్తయ్యాకే బోర్డు మారుతుంది. చిరుగు పోతుంది. కానీ ఎప్పుడో రెడీ అయిన ఫ్రేమ్ కూడా తన వంతు కోసం వెయిట్ చేయాలి. దాని వెనక ఇంకొన్ని ఫ్రేములు క్యూ కడతాయి. ఇప్పుడు మౌస్ కదిపితే, ఆ క్యూ అంతా కదిలాక గానీ మనకి కనిపించదు.

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. మా పెద్దమ్మ కొడుకు కొత్త మానిటర్ కొనుక్కుని, పాత 144 హెర్ట్జ్‌ది వీడికిచ్చాడు. "చిరుగు చూస్తే తలనొప్పి అక్కా" అని వి-సింక్ ఆన్‌లో పెట్టి వాలొరాంట్ ఆడేవాడు. ఎదురుపడ్డ ప్రతిసారీ ముందు చచ్చేది వాడే. టీమ్‌లో "స్లోగాడు" అని పేరు పెట్టారు. అది అక్కడితో ఆగితే నేనిది రాసేదాన్ని కాదు. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గినా, అమ్మ పిలిస్తే లేటుగా పలికినా, "నేను స్లో కదా" అని వాడే అనడం మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్ స్లో మోషన్‌లో, సెకనుకి 240 ఫ్రేములతో, మౌస్‌నీ స్క్రీన్‌నీ కలిపి వీడియో తీశాను. వాడు క్లిక్ చేసినప్పటి నుంచి తుపాకీ పేలేదాకా ఇద్దరం ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టాం. 27. ఒక్కోటి నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు కాబట్టి మొత్తం 112. కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికే 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే వాడి టైమ్‌కి దాదాపు ఇంకో సగం మెషిన్ కలుపుతోంది.

మేం మార్చినవి నాలుగే. ఒకటి, మానిటర్ 144 హెర్ట్జ్‌దైనా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉంది. 144 చేశాం. ఒక్కో బొమ్మకి 7 మిల్లీసెకన్లే. రెండు, మానిటర్ మెనూలో ఫ్రీసింక్, ఎన్విడియా డ్రైవర్‌లో జి-సింక్ ఆన్ చేశాం. ఇక్కడ సార్ ఆగరు, పేజీయే సార్ కోసం ఆగుతుంది. ఫ్రేమ్ రెడీ అయినప్పుడే మానిటర్ గీయడం మొదలుపెడుతుంది. ఎన్విడియా 2013లో జి-సింక్‌తో మొదలుపెట్టిన ఈ పద్ధతి, 2014లో వెసా వాళ్ళు అడాప్టివ్ సింక్‌ని డిస్‌ప్లేపోర్ట్ స్టాండర్డ్‌లో చేర్చాక మామూలు మానిటర్లకీ వచ్చింది. మూడు, గేమ్‌లో వి-సింక్ ఆఫ్ చేసి ఫ్రేమ్ లిమిట్ 138 పెట్టాం. 144 దాటితే మానిటర్ అందుకోలేదు, మళ్ళీ చిరుగే. నాలుగు, 2020లో వచ్చిన రిఫ్లెక్స్ ఆన్ చేశాం. ప్రాసెసర్ తొందరపడి ఫ్రేములు ముందే తయారుచేసి క్యూలో పెట్టకుండా అది ఆపుతుంది.

మళ్ళీ వీడియో తీశాం. 9 ఫ్రేములు. వాడు నమ్మలేదు. తనే మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

మీది మామూలు 60 హెర్ట్జ్ మానిటరే అయితే రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. కథ కోసం ఆడే గేమ్‌కి వి-సింక్ ఉంచుకోండి, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. షూటింగ్ గేమ్‌కి తీసేసి చిరుగు భరించండి.

తమ్ముడి ర్యాంక్ ఏమీ ఆకాశాన్ని అంటలేదు. బ్రాంజ్ నుంచి సిల్వర్‌కి వచ్చాడు, అంతే. మొన్న ఫోన్ చేసి మ్యాచ్ పోయిందన్నాడు. "ఎందుకురా?" అన్నాను.

"మూల దగ్గర తొందరపడ్డా అక్కా. ఒక్క క్షణం ఆగాల్సింది."